టెక్ సందేహాలు: స్పెల్‌చెక్‌కి ‘అర్ధం’ కాని తప్పు

ప్రశ్న: నా కథ ఒక పత్రికలో వచ్చింది. మొదటి పేరాలోనే ‘అతనికి ఏమీ అర్ధం కాలేదు’ అని పడింది. ‘సగం కూడా కాలేదా మేడమ్?’ అంటూ ఒకాయన దానికి ఎర్ర సున్నా చుట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇక కథ సంగతి ఎవరూ ఎత్తలేదు. పంపేముందు వర్డ్‌లో స్పెల్‌చెక్ చేశాను కదా, అదెందుకు పట్టుకోలేదు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మామూలు స్పెల్‌చెక్ చూసేది ఆ మాట తన జాబితాలో ఉందా లేదా అనేనండీ. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. రెండూ ఉన్న మాటలే కాబట్టి ఊరుకుంటుంది. వేల–వేళ, కల–కళ కూడా అంతే. మరోపక్క ‘వచ్చేసరికల్లా’, ‘చెప్పకపోయుంటే’ లాంటి శుభ్రమైన మాటల కింద ఎర్రగీతలు పెడుతుంది. మన క్రియలకున్న రూపాలన్నీ జాబితాకెక్కించడం అయ్యే పని కాదు మరి. పేజీ నిండా ఉత్తుత్తి గీతలు చూసి చూసి, అసలు తప్పు కింద గీత ఉన్నా మనం దాటేస్తాం.

దిద్దేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. కంట్రోల్, హెచ్ నొక్కి ‘అర్ధ’ బదులు ‘అర్థ’ పెట్టమని ‘రీప్లేస్ ఆల్’ కొట్టారో, అర్ధరాత్రి కాస్తా ‘అర్థరాత్రి’ అయి కూర్చుంటుంది. నేనూ ఒకసారి ఇలాగే ఘనకార్యం చేసి, ఎర్ర సున్నా చుట్టించుకున్నాను. ‘ఫైండ్ నెక్స్ట్’ నొక్కుతూ ఒక్కొక్కటే చూసి మార్చండి. తర్వాత ఎడ్జ్ బ్రౌజర్‌లోని ‘రీడ్ ఎలౌడ్’తో చదివించుకుని వినండి. థ, ధ తేడా చెవికి అందకపోవచ్చు కానీ, ఎగిరిపోయిన మాట, రెండుసార్లు పడిన మాట ఇట్టే దొరుకుతాయి. ఆ ఎర్ర సున్నా ఆయనకే ముందుగా పంపి చూడండి, జీతం అడగని ప్రూఫ్ రీడర్!

ప్రశ్న: ‘సాఫ్ట్‌వేర్’ అని కొడితే ‘సాఫ్ట్వేర్’ అని వత్తు పడుతోంది. ఫాంట్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపి వత్తుగా చూపించడం యూనికోడ్ తెలుగులో మామూలే. వద్దనుకుంటే మధ్యలో కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ పెట్టాలి. వర్డ్‌లో ‘ట్’ తర్వాత కీబోర్డును ఇంగ్లిష్‌కి మార్చి, 200 కొట్టి, పక్కనే సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. తర్వాత ‘వేర్’ కొట్టండి. ఫోన్‌లో అయితే సరిగ్గా ఉన్న మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసుకోవడమే తేలిక.