గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న పెళ్లిలో నీ గురక గురించి అందరూ నవ్వుకున్నారు. విడిదింట్లో నీ పక్కన పడుకున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. చీకట్లో ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఇరవై దాకా వెళ్లేవాణ్ణి. అప్పుడు ఉలిక్కిపడి, పెద్ద ఊపిరి లాగి, మళ్లీ మొదలుపెట్టేవాడివి. పొద్దున కాఫీ దగ్గరేమో, "అప్పుడప్పుడు గుండె దడదడలాడుతోంది పెదనాన్నా, నిద్ర చాలక కాబోలు" అన్నావు. ఆ రెండింటికీ చుట్టరికం ఉండవచ్చు నాయనా.

నాకు యాభై ఎనిమిదో ఏట ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటాయి. మణికట్టు పట్టుకుంటే నాడి గబగబా రెండు దెబ్బలు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒకటి; ఏ తాళానికీ అందదు. షాకు ఇచ్చి లయ సరిచేస్తే నాలుగు నెలలకే తిరగబెట్టింది. రెండోసారి చూసిన డాక్టరమ్మ నన్ను వదిలేసి మీ పెద్దమ్మను అడిగింది, రాత్రిళ్లు ఈయనకు ఊపిరి ఆగుతుందా అని. ఆవిడ పదేళ్లుగా మొత్తుకుంటున్న మాటే అది. విననిది నేను.

దీన్ని స్లీప్ అప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు పైగదుల గోడలు సాగుతాయి. ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ ఎగురుతుంది. గుండె నిమ్మళించాల్సిన వేళ దానికి రాత్రంతా పరుగే. గంటకు 5 సార్లు ఆగినా జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. నాకు 38 వచ్చింది.

ముందు ఈ రాత్రి నీ నిద్రను ఫోనులో రికార్డు చేయమని అమ్మాయికి చెప్పు. అది పట్టుకుని గుండె డాక్టరు దగ్గరకు వెళ్లు. దడ వచ్చి పోయేది కాబట్టి ఈసీజీ మామూలుగా ఉందని సంబరపడి వచ్చేయకు, ఒంటికి చిన్న యంత్రం తగిలించి రోజంతా గుండె లయను రికార్డు చేసే 24 గంటల హోల్టర్ పరీక్ష సంగతి అడుగు. నిద్ర పరీక్ష గురించీ అక్కడే అడుగు. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవద్దు, కొన్ని గొంతును మరింత వదులు చేస్తాయి. రాత్రిపూట గ్లాసు సంగతీ అంతే. ఆ విషయం మీ నాన్నకు చెప్పనులే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోను చేయాల్సిందే. తెల్లారేదాకా ఆగకూడదు.

నాకు సీప్యాప్ యంత్రం ఇచ్చారు, నిద్రలో మాస్కు గుండా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది. మాస్కు తగిలించుకుంటే మనవడు "ఏనుగు తాత" అన్నాడు. మొదటి వారం రెండుసార్లు తీసి విసిరేశాను. మాస్కు సైజు మార్చాక పట్టుబడింది. దానితోనే లయ కుదురుతుందని హామీ ఇవ్వను, నా మందులు ఇప్పటికీ వేసుకుంటున్నాను. కానీ మధ్యాహ్నం పేపరు చదువుతూ కునికిపాట్లు పడటం పోయింది.

ఆదివారం ఫోను చేస్తాను. రికార్డు సంగతి నిన్ను కాదు, అమ్మాయినే అడుగుతాను.

మీ పెదనాన్న