నదులకూ సరస్సులకూ హక్కులుంటాయా, లేక మనిషికి పనికొచ్చినంత వరకే వాటికి విలువా?

ఉంటాయి. ఈ విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఆ హక్కులను ఎవరు అడగాలి అన్నది తేల్చకుండా ఎంత చర్చించినా అది కాలక్షేపమే అవుతుంది.

మనిషి కాని దానిని చట్టం వ్యక్తిగా గుర్తించడం మనకు కొత్త కాదు. గుడిలోని దేవతకు ఆస్తి ఉండవచ్చు, ఆమె పేరున దావా వేయవచ్చు. కొల్లేటికోటలో కొలువున్న పెద్దింట్లమ్మ వారికి చెల్లే ఈ న్యాయం ఆ గుడి చుట్టూ పరుచుకున్న కొల్లేటికి ఎందుకు చెల్లదో నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు. 1972లోనే అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ నదులకూ లోయలకూ తమ తరఫున వ్యాజ్యం వేసుకునే అర్హత ఉండాలని తన భిన్నాభిప్రాయంలో రాశారు.

మా అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. 1976 తర్వాత ప్రభుత్వమే అక్కడి వారి చేత సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. మా మామయ్య అలాంటి ఒక సంఘంలో సభ్యుడు. కాలక్రమంలో పెట్టుబడి చాలక సంఘం తన చెరువును పట్నంలో ఉండే ఒక ఆసామికి లీజుకు ఇచ్చేసింది. చేప ఆయనది, లాభం ఆయనది, ఏటా చేతికి వచ్చే కాస్త లీజు సొమ్ము మాత్రం సభ్యులది. 1999లో ప్రభుత్వమే ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత, వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆ చెరువుల గట్లు తెంచడానికి పొక్లెయిన్లూ పోలీసులూ వచ్చారు.

మామయ్య వాళ్ల చెరువు గట్టు తెంచిన రోజున నేను అక్కడే ఉన్నాను. గండి పడగానే బురదనీటితో పాటు బొచ్చెలూ శీలావతులూ సరస్సులోకి కొట్టుకుపోతుంటే ఊరు ఊరంతా వలలతో, గంపలతో, ఆడవాళ్లయితే చీర కొంగులతో నీళ్లలోకి దిగింది. లీజుదారు మనుషులు గట్టు మీద నిలబడి, అది తమ సొత్తని, ముట్టుకుంటే కేసు పెడతామని కేకలు వేశారు. అప్పుడు మామయ్య నింపాదిగా, "గట్టు ఉన్నంతసేపూ అది మీ చేపేనండీ, గట్టు తెగాక కొల్లేటి చేప, మరి కొల్లేరు ఎవరిదో ఆ ఆఫీసరు గారినే అడగండి" అన్నాడు. పక్కనే ఉన్న ఆ అధికారి విననట్టు ముఖం తిప్పుకున్నాడు. తత్వశాస్త్రంలో నేను చదివిన ఆస్తి సిద్ధాంతాలన్నీ కలిపినా మామయ్య అడిగిన ఆ మాటకు జవాబు దొరకదని నా అభిప్రాయం.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. లీజుదారుకు వేరే చోట్ల చెరువులున్నాయి కాబట్టి ఆయన నిలదొక్కుకున్నాడు. అప్పటికే చేపలు పట్టే మావులూ తాటి దోనెలూ వదిలేసిన మామయ్యకు లీజు సొమ్మూ పోయింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. తెంచిన గట్లలో చాలా భాగం మళ్లీ లేచాయి, వాటిని లేపింది మా మామయ్య లాంటి వాళ్లు కారు. అందువల్ల కొల్లేటి తగాదాను మనిషికీ ప్రకృతికీ మధ్య పోరుగా చెప్పేవారితో నేను ఏకీభవించను. అది గట్టు వేయగలిగిన వాడికీ వేయలేని వాడికీ మధ్య తగాదా. ఏటా శీతాకాలంలో కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులను (పెలికాన్లను) ఫొటోలు తీసుకువెళ్లే పర్యావరణ ప్రేమికులు పక్కనున్న లంకలో తాగునీరు ఎలా ఉందని ఒక్కసారైనా అడగరు. ఇది నాకు ఎప్పుడూ ఉన్న కోపం.

ఇక అడగవలసింది ఎవరన్న ప్రశ్నకు వస్తాను. 2017లో న్యూజిలాండ్ వాంగనుయీ నదిని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించినప్పుడు ఇద్దరు సంరక్షకులను పెట్టింది. వారిలో ఒకరిని ప్రభుత్వం, మరొకరిని ఆ నది ఒడ్డున తరతరాలుగా బతికిన మావోరీ తెగలు నియమిస్తాయి. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు వ్యక్తి హోదా ఇచ్చి, సంరక్షణను ప్రభుత్వ అధికారులకు అప్పగించింది. వరద వస్తే నష్టపరిహారం ఎవరు కట్టాలంటూ ఆ రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. నది తరఫున మాట్లాడవలసిన ప్రభుత్వమే ఆ హోదా వద్దంటూ కోర్టుకెక్కిందన్నమాట.

కొల్లేటికి అటువంటి హోదా వస్తే సంరక్షకుల్లో సగం మందైనా లంక గ్రామాల వలవేటగాళ్లు ఉండాలి. ఐదో కాంటూరు లోపల చెరువు గానీ లీజు గానీ ఉన్నవారికి అందులో చోటు ఉండకూడదు. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వాగులు తెచ్చే నీరంతా సముద్రానికి చేరవలసింది ఉప్పుటేరు గుండానే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద కొల్లేటికి చేరి లంకలనూ ముంచింది. అందుకే కొల్లేటి పేరున వేసే మొదటి వ్యాజ్యం ఉప్పుటేరు పూడిక మీదా, దాని ఆక్రమణల మీదా కావాలి.