ట్యాబ్ కొన్నావని తెలిసింది

అమ్మలూ,

ట్యాబ్ కొన్నావనీ, ఈ సెలవుల్లో బుజ్జిదానికి తెలుగు చదవడం, రాయడం ఇంట్లోనే నేర్పిస్తానని పట్టు పట్టావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో! బెంగళూరులో పెరుగుతున్న పిల్ల, బళ్ళో ఇంగ్లీషు, కన్నడం చదువుకునే పిల్ల, దానికి మన అక్షరాలు కూడా రావాలని నువ్వు కూర్చోవడం మామూలు సంగతి కాదు. కానీ రాత్రి పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది. ఏళ్ళ తరబడి ఒకటో తరగతి పిల్లలకి చెప్పినదాన్ని, నోరు మూసుకుని ఉండలేను.

తేలికవి ముందు చెప్పేస్తా. ఫోన్‌లో వద్దు, ట్యాబ్‌లోనే, అదీ అక్షరాలు పెద్దవి చేసి చదివించు. మన ఒత్తులు చాలావరకు అక్షరం కింద ఉంటాయి కదా, చిన్న తెర మీద అవి కలిసిపోతాయి. థ పొట్టలో చుక్క కనపడక అది ధ అయిపోతుంది, పిల్ల తప్పు చదివిందని మనం కసురుతాం. నోటిఫికేషన్లు ఆపెయ్. మూడేళ్ళ చిన్నవాణ్ణి పక్కన చేర్చకు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, నన్నడిగితే ఆ గంటే ఎక్కువ.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మా వీధిలో ఒక పిల్లాడు ఉండేవాడు, వాళ్ళమ్మకి నీ అంత పట్టుదల. కథని ఎవరో గొంతుతో చదువుతూ ఉంటే, ఆ మాటల రంగు మారుతూ పోతుంది చూడు, అలాంటిది రోజూ పెట్టి ఇచ్చేది. కొన్నాళ్ళకి వాడు కథంతా వేలు పెట్టి గడగడా చదివేస్తున్నాడు. ఇంట్లో అందరూ చప్పట్లు. నాకూ చూపించారు. వాడి వేలు ‘చెట్టు’ మీద ఉంది, నోరు ‘కోతి’ అంటోంది. ఏమీ అనకుండా ఒక కాగితం తీసుకుని, ఆ కథలో మాటలే అటూ ఇటూ మార్చి ‘చెట్టు కింద కోతి’ అని రాసిచ్చాను. ‘చె’ అన్నాడు, ట ఒత్తు దగ్గర ఆగాడు, నా మొహంలోకి చూశాడు, చూసి కథలో మొదటి వాక్యం అప్పజెప్పేశాడు. వాడు మోసం చెయ్యలేదమ్మా, చదవడమంటే అదే అనుకున్నాడు పాపం. వాళ్ళమ్మ వంటింట్లోంచి ఆ గొంతు వింటూ అంతా బాగుందనుకుంది. మూడో తరగతిలో టీచరు కొత్త పాఠం చదవమనేసరికి బండారం బయటపడింది. ఆ వయసులో మళ్ళీ గుణింతాల దగ్గర మొదలుపెడితే తోటి పిల్లలు నవ్వారు, ఇక పుస్తకం కనపడితే పారిపోయేవాడు. ఆ తల్లి నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

నువ్వు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తావు. మీటింగ్ ఉందని దాని చేతికి ట్యాబ్ ఇచ్చి తలుపేసుకుంటావని నా భయం. అలా మాత్రం చేశావో, ఊరుకోను! ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలూ దాని పక్కన నువ్వుండాలి. ముందు సౌండ్ ఆపు. అది చదవాలి, చదివాకే గొంతు వినాలి. గూగుల్ వాళ్ళ చదివించే యాప్ రీడ్ అలాంగ్‌లో మాట మీద నొక్కితే చెప్పేస్తుంది, పిల్లలు ఆ కిటుకు వెంటనే కనిపెట్టి ప్రతి మాటా నొక్కుతారు. కూడబలుక్కుని చూసి, రాకపోతేనే నొక్కమను. నీకు తెనాలి బస్టాండులో బోర్డులు చదివించేదాన్ని, గుర్తుందా? ‘రేపల్లె’ దగ్గర ‘రే, ప, ల, లె’ అని నువ్వు కుస్తీ పడుతుంటే బస్సు కదిలిపోయేది, ఏడుపు మొహం పెట్టి ఇంకో బస్సు కోసం చూసేదానివి. చివరికి నీ అంతట నువ్వు ‘రేపల్లె!’ అని అరిచిన రోజు మీ నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో. ఆ కుస్తీ దానికీ పడనివ్వు తల్లీ, జాలిపడి అందించెయ్యకు.

కథలకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ చూడు. మీ బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టారు, ఉచితం. స్థాయిలవారీగా ఉంటాయి, ఒకటో స్థాయి నుంచి మొదలుపెట్టు, రెండో తరగతి పిల్ల కదా అని పైకి వెళ్ళకు. కొన్ని కథలు తెలుగులోనూ కన్నడంలోనూ దొరుకుతాయి. రెండూ చదివించు. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి కొన్నాళ్ళు తలకట్టు కన్నడంలా పెడుతుంది, దానికి తిట్టకు, వాటంతట అవే విడిపోతాయి.

రాతకి కీబోర్డు ఇవ్వకు. ఇంగ్లీషు అక్షరాల్లో pelli అని కొడితే అదే నాలుగు మాటలు చూపిస్తుంది, పిల్ల మొదటిది నొక్కేసి పోతుంది, ళ ఎక్కడ రాయాలో ల ఎక్కడ రాయాలో దానికి ఎప్పటికి తెలియాలి? తెర మీద వేలితో రాసేదీ ఉంది కానీ, ఎలా గీకినా సర్ది అచ్చక్షరం చేసి పెడుతుంది. పలకో, నాలుగు గీతల కాపీ పుస్తకమో కొను.

మాట్లాడితే టైపయ్యేది మాత్రం వాడు, అది నాకు నచ్చింది. ఈ రోజు ఏం జరిగిందో దాన్ని చెప్పమను, ట్యాబ్ రాస్తుంది. తప్పులు పడతాయి, పడనీ. వాటిని దాని చేతే పట్టించు. తను చెప్పిన మాట తప్పుగా పడితే పిల్లలకి ఎంత కోపం వస్తుందో, ఎంత శ్రద్ధగా వెతుకుతారో చూస్తావుగా. తర్వాత అందులో రెండు వాక్యాలు పుస్తకంలో రాయించు, చాలు.

ఆదివారం ఆ పేజీ ఫోటో నాకు పంపు. దిద్ది పంపకు, కొట్టివేతలతో సహా పంపు. ఏ ఒత్తు దగ్గర తడబడుతోందో చూసి, నేను ఫోన్‌లో దానితోనే మాట్లాడతాను.

మీ అత్తయ్య