వేసవి కోర్సు కోసం పీజీ డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, గణితం చదువుతోంది. మార్కెట్లు, నైతికత, పాలన కలిపి బోధించే ఆరు వారాల వేసవి కార్యక్రమంలో సీటు వచ్చింది. సగం ఫీజు వాళ్లే భరిస్తామన్నారు. మిగతా సగానికి తన పీజీ చదువు కోసం దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీయాలి. అదే వేసవికి జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ కూడా వచ్చింది. ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి. అలాగని అమ్మాయిని పంపే ప్రయత్నమూ మానకండి.

ముందు అసలు ఖర్చెంతో తేల్చుకుందాం. మొత్తం ఫీజు 100 అనుకుంటే మీ వాటా 50. వదులుకునే ఇంటర్న్‌షిప్ జీతం 30 అయితే ఖర్చు అప్పుడే 80కి చేరింది. చేతిలోంచి తీసి ఇచ్చేది కాదు కాబట్టి ఈ 30ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ప్రయాణం, వసతి, భోజనం ఫీజులో లేకపోతే అవీ కలపాలి. డిపాజిట్‌ను మధ్యలో తీస్తే తగ్గే వడ్డీ కూడా ఖర్చే. అప్పు చేయడం ఇంకా నష్టం. ఏడాదికి 12 శాతం చక్రవడ్డీకి తెచ్చి తీర్చకుండా వదిలేస్తే ఆరేళ్లలో అది దాదాపు రెట్టింపవుతుంది.

సర్టిఫికెట్ గురించి మీవారు అన్నది నిజమే. దానంతటదే ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ ఈ మూడు విషయాలూ కలిపి చదవడం వృథా అని మాత్రం నేను అనను. 2008 ఆర్థిక సంక్షోభాన్నే చూడండి. ఇళ్ల రుణాలను మూటగట్టి అమ్మిన బాండ్లకు, అవి ఎంత భద్రమో అంచనా వేసే రేటింగ్ సంస్థలు అత్యున్నత రేటింగ్ ఇచ్చాయి. అమెరికా అంతటా ఇళ్ల ధరలు ఒకేసారి పడిపోవన్న నమ్మకం మీదే ఆ లెక్కలు నిలబడ్డాయి. ఆ నమ్మకం వమ్మైంది. పైగా రేటింగ్‌కు ఫీజు చెల్లించింది బాండ్లు కొనేవారు కాదు, జారీ చేసేవారు. లెక్కలు వేసినవాళ్లు గణితంలో దిట్టలే. ఎవరి డబ్బుతో ఎవరికి తీర్పు చెబుతున్నాం, దాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారు అన్న ప్రశ్నలు అడగాల్సిన చోట గట్టిగా అడగలేదు. సలహా ఇచ్చి బతికే నా వృత్తిలోనూ ఇవే ప్రశ్నలు. కమీషన్ తీసుకునే సలహాదారు ఎవరి పక్షాన ఉన్నట్టు?

గణితం చదివే పిల్లకు ఇందులో ప్రత్యేకమైన చోటు ఉంది. 2012లో ఆల్విన్ రాత్‌తో పాటు ఆర్థిక నోబెల్ అందుకున్న లాయిడ్ షాప్లీ గణితజ్ఞుడు. ఇరుపక్షాల ఇష్టాలను బట్టి జతలు కుదిర్చే షాప్లీ సిద్ధాంతాన్ని రాత్ మూత్రపిండాల మార్పిడికి అన్వయించారు. అవయవాల అమ్మకం దాదాపు ప్రపంచమంతా నిషిద్ధం. అలాంటి చోట ధర అనేదే లేకుండా రోగులకు సరిపడే దాతలను కుదిర్చే పద్ధతి అది.

అయితే ఈ పేరుతో నడిచే ప్రతి కార్యక్రమానికీ ఆ లోతు ఉండదు. పాఠ్య ప్రణాళిక తెప్పించుకుని చదవండి. ఎవరు బోధిస్తారు? తరగతికి ఎంతమంది? పిల్లలు రాసినవి దిద్ది అభిప్రాయం చెబుతారా? దీనికి నిధులిచ్చేది ఎవరు, వారికి నచ్చని వాదనలు కూడా చదివిస్తారా? క్రెడిట్లను మీ అమ్మాయి కాలేజీ గుర్తిస్తుందా? గుర్తిస్తే ఒక కోర్సు ఖర్చు మిగలవచ్చు. జవాబులు దాటవేస్తే మీవారి మాటే వినండి.

జవాబులు తృప్తిగా ఉంటే అమ్మాయి చేతనే రెండు ఉత్తరాలు రాయించండి. మొదటిది కార్యక్రమం వారికి: ఇంటి ఆదాయ వివరాలు జతచేసి, ఎంత తక్కువ పడుతోందో స్పష్టంగా చెప్పి, అదనపు సాయం అడగాలి. ఇలా అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. రెండోది ఇంటర్న్‌షిప్ ఇచ్చిన సంస్థకు: తేదీలు జరపడం గానీ, కాలం కుదించడం గానీ వీలవుతుందా అని.

ఆ తర్వాత మీ మీద పడే మొత్తాన్ని ఆరు నెలల్లోపు నెలవారీ మిగులుతో, అత్యవసర నిధిని ముట్టుకోకుండా సర్దగలిగితే సంతోషంగా పంపండి. ముందే కట్టాల్సి వస్తే వాయిదాలు అడగండి. సర్దలేకపోతే ఈ ఏడాది ఇంటర్న్‌షిప్‌కు వెళ్లనివ్వండి. డిగ్రీ పూర్తయ్యేలోపు మరో వేసవి ఉంటే, పూర్తి ఖర్చు భరించే కార్యక్రమాలకు ముందుగానే దరఖాస్తు చేయవచ్చు. ఏ దారి ఎంచుకున్నా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే మొదటి వాయిదా కట్టండి.