వరంగల్‌కు స్లిప్పర్ ఆర్కిడ్ తెప్పించుకునే ముందు నర్సరీని ఏం అడగాలి?

ముందు అడగాల్సింది మొక్క ఎక్కడ పుట్టిందని. ఈ స్లిప్పర్ ఆర్కిడ్ల (శాస్త్రీయ నామం పాఫియోపెడిలం) జాతులన్నీ, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి, మన 1972 వన్యప్రాణి చట్టం కూడా వీటికి వర్తిస్తుంది. లైసెన్సున్న నర్సరీలో, విత్తనం నుంచి పెంచినదని బిల్లు మీద రాయించుకోండి. ఆకుల నిండా పాత గాట్లు, తెగిన లావు వేర్లు, అడవి నాచు కనిపిస్తే అడవిలో పీకినది కావచ్చు, వద్దనండి. అరుదైనది చవగ్గా ఇస్తున్నారంటేనే అనుమానించాలి.

తర్వాత పిలకలు లెక్కపెట్టండి. ఒక పిలక ఒక్కసారే పూస్తుంది. అందుకే పూసిన ఒంటి పిలక కంటే, పక్కన కొత్త పిలక లేచిన మొక్కే మేలు. వేరును వేళ్లతో మెల్లగా నొక్కండి: గట్టిగా ఉంటే బతికుంది, బోలుగా నలిగితే చచ్చింది. వేర్ల మీది గోధుమరంగు నూగు మాత్రం సహజమే, కుళ్లనుకుని కత్తిరించొద్దు.

మన ఎండలకు మచ్చల ఆకుల రకాలు కొంత నయం. విల్లోసమ్ లాంటి పచ్చాకు రకాలకు చలికాలంలో చల్లని రాత్రులు కావాలి. అవి హన్మకొండ బాల్కనీలో ఆకులు వేస్తాయి గానీ పూయడం కష్టం.

పార్సిల్ నవంబర్–ఫిబ్రవరి మధ్యే తెప్పించుకోండి. వీటికి నీళ్లు దాచుకునే దుంపల్లాంటి కాండాలుండవు, ఏప్రిల్ ఎండలో కొరియర్ గోడౌన్‌లో రెండ్రోజులు పడుంటే వాడిపోతాయి. రాగానే సన్న పైన్ బెరడు, బొగ్గు ముక్కలు, కాస్త పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి చిన్న కుండీలో నాటండి. పెద్ద కుండీ తడి ఆరక వేర్లు కుళ్లుతాయి. ఉప్పు తేలే బోరు నీళ్లు వద్దు, వాన నీళ్లో ఆర్వో నీళ్లో పొద్దున్నే పోయండి. ఆకుల మొదట్లో నీళ్లు నిలిస్తే దూదితో అద్దేయాలి.