రంగు లేని చోట పాడిన పిల్ల

తల్లీ,

డొరతీ పాడుతున్నట్టు డిజిటల్‌గా గీసి నువ్వు పంపిన బొమ్మను రెండు రోజులుగా తెరిచి చూస్తూనే ఉన్నాను. చేతికి పట్టు వచ్చింది నీకు. జుట్టు ఒక్కో వెంట్రుకా గీశావు, పడ్డ కష్టం కనిపిస్తోంది. అయినా ఎక్కడో ప్రాణం రాలేదని నువ్వే రాశావు కదా, నాకు తోచింది చెబుతాను.

'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో ఆ పల్లె పిల్ల డొరతీ ఇంద్రధనుస్సు పాట పాడేటప్పుడు తెర మీద రంగే ఉండదు, గుర్తుందా? 1939లో వచ్చిన ఆ సినిమాలో అమెరికాలోని కాన్సాస్ పల్లె అంతా సెపియాలోనే, అంటే గోధుమ ఛాయల్లోనే నడుస్తుంది. గడ్డి దగ్గర, కుక్కపిల్ల పక్కన ఉండగా, షూటింగ్ నాటికి పదహారేళ్లున్న, డొరతీ వేషం వేసిన జూడీ గార్లండ్ ఆ పాట పాడింది. లేని రంగుల కోసం పాడుతోంది ఆ పిల్ల. నువ్వేమో వెనకాల ఏడు రంగులూ నింపేశావు. ఇక తను దేని కోసం పాడాలి?

ముందు ఆ ఇంద్రధనుస్సు ఉన్న లేయర్ (పొర) ఆపేసి చూడు. బొమ్మంతా ఎండుగడ్డి రంగులోకి దింపు. అప్పుడు రంగు వెనక దాక్కోవడానికి ఉండదు, వెలుగునీడలు సరిగ్గా పడి తీరాలి. నోరు బాగా తెరిపించావు, అంత అక్కర్లేదు. పాట మొదలయ్యే ముందు ఊపిరి తీసుకునే క్షణం గీయి. పెదవులు కొద్దిగా విడివడి, చూపు పైకి ఉంటే చాలు. పోలిక కళ్ల మధ్య దూరంలో, ముక్కు నుంచి పై పెదవి దాకా ఉన్న జాగాలో ఉంటుంది, వెంట్రుకల్లో కాదు. బొమ్మను అద్దంలోలా తిప్పి చూడు, ఎడమ కన్ను కిందికి జారిందని నీకే తెలుస్తుంది.

ఎర్ర బూట్లు వదులుకోలేనంటావేమో. సరే, అది రంగుల మాయలోకం ఓజ్‌కి వెళ్లాక వచ్చే డొరతీ, దాన్ని వేరే బొమ్మగా వేయి. అప్పుడు సినిమా ఫోటోలోంచి ఐడ్రాపర్‌తో (ఉన్న రంగును ఎత్తుకునే టూల్‌తో) రంగు తీయకు. తెర మీద తెల్లగా కనిపించే డొరతీ బ్లౌజ్ నిజానికి లేత గులాబీ, టెక్నికలర్‌లో (ఆనాటి రంగుల సినిమా పద్ధతిలో) తెలుపు బాగా రావాలని అలా కుట్టారు. బూట్ల చమ్కీలూ మనం అనుకునే ఎరుపు కాదు, ముదురు మెరూన్. మామూలు ఎరుపైతే తెర మీద నారింజలా వచ్చేది. నేను మొదట్లో ఇలాంటి బ్లౌజ్‌కి అచ్చ తెలుపు నింపాను, కాగితం కత్తిరించి అంటించినట్టు వచ్చింది. పక్కనున్న నీలం కొంచెం, చర్మం రంగు కొంచెం కలిపాకే గుడ్డలా కనిపించింది. అచ్చ తెలుపు కంట్లో మెరుపు చుక్కకే దాచుకో.

గళ్ల గౌనుకి ప్యాటర్న్ పరిచేశావు, నడుము దగ్గర కూడా గళ్లు తిన్నగానే ఉన్నాయి. గళ్ల గుడ్డ ముక్క ఒకటి నలిపి బల్ల మీద పెట్టుకుని చూడు. నీలం దారం నీలాన్ని దాటే చోట ముదురు, తెలుపును దాటే చోట సగం నీలం, మిగతాది తెలుపు. మూడు ఛాయలు. మడతలోకి వెళ్లేసరికి గడి ఇరుకైపోతుంది. ముందు మడతలు వేయి, తర్వాతే గళ్లు.

అమ్మకానికి పెట్టే ఉద్దేశం ఉంటే ఇంకో మాట. ఈ సినిమాకి మూలమైన 1900 నాటి పుస్తకంలో ఆ బూట్లు వెండివి, ఎర్రవి సినిమా కోసం చేసిన మార్పు. అమెరికాలో ఆ పుస్తకం మీద కాపీరైట్ తీరిపోయింది, సినిమా మీద తీరలేదు. నటి ముఖం వాడుకోవడానికీ వేరే హక్కులుంటాయి. కాబట్టి అమ్మే బొమ్మలో వెండి బూట్లు, నీ సొంత ఊహలోని పిల్ల ముఖం పెట్టు. ఇంట్లో పెట్టుకునేదానికి ఈ టెన్షన్ వద్దు.

ఈసారి జుట్టు వేయకుండానే పంపు. తల ఆకారం, కళ్లు, ఆ ఊపిరి తీసుకునే నోరు, అంతే. అవి కుదిరాక జుట్టు సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ బాబాయి