ఎన్నారై సందేహాలు: వైన్ సామానులో కానుకకు ఏది, ఇంటికి ఏది?

చెల్లెమ్మా,

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో కాపురం పెట్టి ఎనిమిది నెలలయిందనీ, మీవారి మేనేజరు జనవరిలో తమ ఇంటికి భోజనానికి పిలిచారనీ, ఆయనకు వైన్ అంటే ఇష్టమని విని ఓపెనర్, డికాంటర్ అనే గాజుపాత్ర, నాలుగు గ్లాసులు కలిపి అమర్చిన 140 డాలర్ల కానుక పెట్టె ఒకటి చూసి ఉంచామనీ రాశారు. రేపు వాళ్లు మన ఇంటికి వస్తారు గనుక అలాంటిదే ఇంకొకటి మాకూ కొనుక్కోవాలా అని అడిగారు. ఆ పెట్టె కానుకకూ కొనవద్దు, ఇంటికీ కొనవద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే నేను పోగొట్టుకున్న డబ్బు లెక్క కొంత వినాలి. ఓపికగా వినండి, ఎందుకంటే ఇవి నాకెవరూ చెప్పలేదు.

నేను 2004లో మెల్‌బోర్న్‌కు చదువుకోవడానికి వచ్చాను. తెనాలి పక్కన మా ఊళ్లో మా నాన్నగారు నాలుగు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నన్ను విమానం ఎక్కించారు. నెలకు ఎనిమిది వేలు, రోజుకు 267 రూపాయలు. ఇక్కడ ఏది కొన్నా దాన్ని ముందు రూపాయల్లోకి, ఆ పైన రోజుల వడ్డీలోకి మార్చి చూసుకోవడం నాకు అప్పుడే అలవాటయింది. డాలరును డాలరుగానే చూడాలి, రూపాయల్లోకి మార్చితే బతకలేవని స్నేహితులు హితబోధ చేశారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ క్రెడిట్ కార్డు బాకీలు కడుతున్నారు. నేను మార్చి చూసుకుంటూనే బతికాను, ఇల్లు కొన్నాను, ఊళ్లో అప్పూ తీర్చాను.

ఇంత లెక్క తెలిసినవాడినే 2006లో, ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, బోల్తా పడ్డాను. మా టీమ్ లీడర్ ఇంటికి పిలిచారు. వట్టి చేతులతో వెళ్లకూడదన్న మన మర్యాద ఒకవైపు, వీళ్లముందు తక్కువ కాకూడదన్న బెరుకు ఇంకోవైపు లాగగా, పెద్ద దుకాణానికి వెళ్లి, రెండు పిడులు కిందికి నొక్కితే బిరడా దానంతట అదే పైకి వచ్చే బరువైన ఓపెనర్, పైతొడుగు కోసే చక్రం, సీసా మెడకు తొడిగే ఉంగరం అన్నీ నల్లని పెట్టెలో వెల్వెట్ మీద పడుకోబెట్టినది 89 డాలర్లు పెట్టి కొన్నాను. అప్పటి మారకంలో మూడు వేల రూపాయలకు పైమాటే, అంటే పదకొండు రోజుల వడ్డీ. ఆయన పెట్టె విప్పి, చాలా బాగుందని రెండుసార్లు అన్నారు. ఆ తరువాత బల్ల మీదున్న సీసా తీసుకొని, మనం దగ్గు మందు సీసా మూత తిప్పినట్టు, చేత్తో తిప్పి తెరిచారు. రెండో సీసా కూడా అంతే. నా కానుకను వాడి చూపాలని పాపం ఆయన బిరడా ఉన్న సీసా కోసం ఇల్లంతా వెతికారు, ఒక్కటీ దొరకలేదు.

ఆ రాత్రి రైలులో తిరిగి వస్తూ పడిన సిగ్గు వల్లే ఈ సంగతి తెలుసుకున్నాను. బిరడాలో ఒక్కోసారి చేరే ఒక రసాయనం వల్ల వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. దానితో విసిగిపోయి 2000లో దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే వైట్ వైన్ తయారీదారులు కొందరు కలిసి తమ సీసాలకు తిప్పే లోహపు మూతలు బిగించారు. మరుసటి ఏడు న్యూజిలాండ్ వాళ్లూ అదే దారి పట్టారు. ఇవాళ ఈ దేశంలో మీరు కొనే సీసాల్లో చాలా వాటికి తిప్పే మూతే ఉంటుంది, అంతమాత్రాన అది చవకదనో నాసిదనో కాదు. ఫ్రాన్స్, ఇటలీ నుంచి వచ్చేవాటిలో చాలావాటికీ, ఇక్కడి పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్ వంటి కొన్ని ఖరీదైనవాటికీ మాత్రం బిరడా ఉంటుంది. నురగ వచ్చే వైన్‌కు పుట్టగొడుగు ఆకారపు బిరడా ఉంటుంది కానీ దానికి ఓపెనర్ అక్కరలేదు, పెట్టకూడదు కూడా. తీగ విప్పి, బిరడాను కదలకుండా పట్టుకొని, సీసాను మెల్లగా తిప్పాలి.

కాబట్టి ఇంట్లో ఓపెనర్ ఏడాదికి నాలుగైదుసార్లు పనికివచ్చే వస్తువు. అయినా ఒకటి ఉండాలి, ఎందుకంటే ఆ నాలుగైదుసార్లూ అతిథి ఎదుట నిలబడి ఉన్నప్పుడే వస్తాయి. హోటలు వడ్డనవాళ్లు జేబులో వేసుకొని తిరిగే మడత ఓపెనర్ చాలు. దీన్ని ఇక్కడ వెయిటర్స్ ఫ్రెండ్ అంటారు. 1882లో కార్ల్ వీంకే అనే జర్మన్ పేటెంటు తీసుకున్న వస్తువు ఇది, ఇన్నేళ్లలో దీన్ని మించింది పెద్దగా ఏదీ రాలేదు. కొనేటప్పుడు రెండు చూడండి. సీసా అంచుకు ఆనించే లోహపు కాలికి రెండు మెట్లు ఉండాలి: మొదటి మెట్టుతో బిరడాను సగం లేపి, రెండో మెట్టుతో మిగతా సగం లేపితే అది వంగకుండా, విరగకుండా నిటారుగా వస్తుంది. ఇక మర తీగచుట్టలా మధ్యలో డొల్లగా ఉండాలి. ఆ డొల్లలో అగ్గిపుల్ల దూరితే మంచిది, దూరకుండా మధ్యలో గట్టి కాడ ఉంటే అది బిరడాను తొలిచి పొడి చేసి వైన్‌లో కలుపుతుంది. ఇరవై డాలర్లలోపు మంచిది దొరుకుతుంది. నేను 2007లో కొన్నదే ఇప్పటికీ మా వంటింటి సొరుగులో ఉంది. పీటకత్తి తరువాత మా ఇంట్లో ఎక్కువకాలం మన్నిన పనిముట్టు అదే.

గ్లాసుల దగ్గర నేను ఇంకా పెద్ద నష్టం చేశాను. పెళ్లయిన కొత్తలో, డిసెంబరు 26న జరిగే బాక్సింగ్ డే అమ్మకాల్లో, సగం ధర అన్న బోర్డు చూసి, రెడ్‌కు ఆరు, వైట్‌కు ఆరు, నురగ వైన్‌కు ఆరు, మొత్తం పద్దెనిమిది పలుచని క్రిస్టల్ గ్లాసులు కొన్నాను. సగం ధర అంటే సగం డబ్బు మిగిలిందని కాదు, సగం డబ్బు పోయిందని అర్థమని అప్పటికి నాకు తెలియదు. మా ఇంట్లో తాగేది నేనొక్కడినే, అదీ పండగకో పబ్బానికో. మొదటి వారంలోనే, కడిగేటప్పుడు అడుగును ఎడమచేత్తో పట్టుకొని, పైభాగాన్ని కుడిచేత్తో గుడ్డ పెట్టి తిప్పాను, కాడ పుటుక్కున విరిగి అరచేతిలో దిగింది. తుడిచేటప్పుడు ఎప్పుడూ పైభాగాన్నే పట్టుకొని పైభాగాన్ని తుడవాలి, అడుగును విడిగా తుడవాలి. రెండు చేతులూ రెండు కొసల మీద ఉండకూడదు.

మిగిలినవాటిని అందంగా ఉంటుందని పొయ్యి పక్కన, అరకు తలకిందులుగా వేలాడదీశాను. మన వంటింట్లో రోజూ పోపు పడుతుంది కదా, నెల తిరిగేసరికి ప్రతి గ్లాసు మీదా జిడ్డు పొర పట్టింది. అతిథి ఒకాయన వైన్ వాసన చూసి, ఇందులో ఏదో మసాలా తగులుతోందని మెచ్చుకున్నారు. అది వైన్ గొప్పతనం కాదు, మా ఇంగువ. అందుచేత గ్లాసులను వంటింటికి దూరంగా, తలుపులున్న బీరువాలో, మూతి పైకి ఉండేటట్టు నిలబెట్టండి. బోర్లిస్తే చెక్క వాసన లోపల నిలిచిపోతుంది. వాడే ముందు ఒకసారి వేడినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి.

ఎన్ని కొనాలంటే, ఒకే రకం, ఆరు. కింద వెడల్పుగా, మూతి దగ్గర కొంచెం ముడుచుకొని, తామరమొగ్గలా ఉన్న 400 మిల్లీలీటర్ల గ్లాసు అన్ని వైన్లకూ సరిపోతుంది. ఆ మొగ్గ ఆకారమే వాసనను లోపల నిలుపుతుంది. ద్రాక్ష రకానికో గ్లాసు అనే పద్ధతిని ఆస్ట్రియాకు చెందిన రీడెల్ వాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. అది నిజమా కాదా అన్న వాదన మీకూ నాకూ అవసరం లేదు, ఎందుకంటే ఆ వాదనకు అయ్యే ఖర్చు మనది. మొదటి ఏడాది సాల్వోస్, విన్నీస్ వంటి పాతసామాను దుకాణాల్లో చూడండి, గ్లాసు ఒకటి రెండు డాలర్లకే దొరుకుతుంది, విరిగినా నిద్ర పడుతుంది. సెకండ్‌హాండ్ అని ముఖం చిట్లించకండి. మీరు తినే హోటలు పళ్లెం కూడా ఎవరో తిన్నదే.

గ్లాసు పెద్దదైనంత మాత్రాన నిండా పోయకూడదు. మూడోవంతు, అంటే 150 మిల్లీలీటర్ల లోపు పోయాలి. 750 మిల్లీలీటర్ల సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి, అతిథులను లెక్కపెట్టి సీసాలు కొనుక్కోవచ్చు. ఇక్కడ లెక్కించే ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, మామూలు రెడ్ వైన్ 100 మిల్లీలీటర్లలోనే అది ఉంటుంది. పీ ప్లేటు, అంటే కొత్త డ్రైవర్ల తాత్కాలిక లైసెన్సు, మీద నడిపేవారికి ఒక్క చుక్క కూడా ఉండరాదు. మీవారి లైసెన్సు ఏ రకమో దాని నిబంధనలు ప్రభుత్వ పేజీలో చూసుకోండి, జరిమానా ఎంతో కూడా చూడండి, చూస్తే దాహం దానంతట అదే తగ్గుతుంది.

డికాంటర్ గురించి అడిగారు. వెడల్పు అడుగు, సన్నని మెడ ఉన్న గాజుపాత్ర అది. పాత రెడ్ వైన్‌లో అడుగున దిగిన మడ్డిని వేరు చేయడానికీ, కొత్త ఘాటైన వైన్‌కు గాలి తగిలించడానికీ వాడతారు. ఆ రెండో పని వెడల్పు మూతి గాజుజగ్గు అరగంటలో చేస్తుంది. నేను 75 డాలర్లు పెట్టి హంస మెడలా వంగినది కొన్నాను. వాడిన మర్నాడు లోపల ఎర్రటి చార పడింది, ఏ బ్రష్షూ అక్కడిదాకా వెళ్లలేదు. 2010లో మా అమ్మ వచ్చినప్పుడు దాన్ని చూసి, గుప్పెడు బియ్యం, గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు నిమిషాలు గిలకరించి వంచేసరికి తళతళలాడింది. ఆ తరువాత ఆమె ఉన్న ఆరు నెలలూ అందులో మజ్జిగ పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ 75 డాలర్లకు దక్కిన ఫలితం అంతే.

నిల్వ విషయంలో కొత్తవాళ్లు చెక్క అరలూ చిన్న వైన్ ఫ్రిజ్‌లూ చూసి మోజుపడతారు. నేను డబ్బు మిగలాలని రెండూ కొనలేదు, కానీ ఆ పొదుపు వేరే రకంగా తగిలింది. కానుకలుగా వచ్చినవీ, పండక్కు ఇద్దామని కొన్నవీ ఆరు సీసాలు గరాజులో పెట్టాను. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలకు వెళ్లింది. మా విక్టోరియా రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు తగలబడి ప్రాణాలు పోయిన రోజు అది, ఆ రోజు సీసాల గురించి ఎవరూ ఆలోచించలేదు. వారం తరువాత చూస్తే రెండింటి బిరడాలు పైకి పొడుచుకొచ్చి కారాయి, తక్కినవి కాచిన పళ్లరసంలా తయారయ్యాయి. ఇంట్లో దక్షిణంవైపు గదిలో, బట్టల బీరువా అడుగు అర చాలు. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి పడుతుంది గనుక మన ఊరి లెక్క తిరగేసుకోవాలి. ఫ్రిజ్ నెత్తిన, పొయ్యి పక్కన పెట్టకండి. బిరడా సీసాలను పడుకోబెట్టండి, తిప్పే మూతవాటిని నిలబెట్టినా నష్టం లేదు.

తెరిచిన సీసాలో మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. 1980లలో నెదర్లాండ్స్‌వాళ్లు తెచ్చిన వాక్యూ విన్ అనే చేతి పంపు ఉంది, రబ్బరు బిరడా పెట్టి లోపలి గాలి లాగుతుంది, నురగ వైన్‌కు మాత్రం పనికిరాదు. ఇంటికి ఒకటి కొనుక్కున్నా అభ్యంతరం లేదు. బిరడా తీయకుండానే సన్నని సూది గుచ్చి, ఆర్గాన్ వాయువు నింపి, గ్లాసుడు వైన్ బయటికి తీసే కొరావిన్ అనే యంత్రం వందల డాలర్లు, వాయువు గొట్టాలు వేరే. అది సీసాకు 200 డాలర్లు పెట్టేవారి బాధ, మనది కాదు.

కానుకల్లో ఇంకొక హెచ్చరిక. ఇదే ఊళ్లో ఒక తెలుగువారి గృహప్రవేశానికి, ఆస్ట్రేలియా పద్ధతి నాకూ తెలుసని చూపించుకోవడానికి, వైన్ గ్లాసుల సెట్టు పట్టుకెళ్లాను. లోపల సత్యనారాయణ వ్రతం జరుగుతోంది, ఇంటాయన తల్లిదండ్రులు గుంటూరు నుంచి వచ్చి పీటల పక్కనే కూర్చున్నారు. ఇంటావిడ కాగితం విప్పబోతుంటే నేను ఆపి, తరువాత చూడండమ్మా అని లోపలి గదిలో పెట్టించాను. 60 డాలర్లు పోయాయి, ఆ ఇంటాయన తాగడని ఆ పైన తెలిసింది. మనవాళ్ల ఇళ్లకు స్టీలు సామానో పూలకుండీయో తీసుకెళ్లండి.

మీ మేనేజరు సంగతికి వస్తే, వైన్ ఇష్టపడేవాడి ఇంట్లో ఓపెనరూ డికాంటరూ ఎప్పటినుంచో ఉంటాయి, ఆయన అభిరుచి మీద మనం పందెం కాయకూడదు. 20 నుంచి 25 డాలర్లలో మెల్‌బోర్న్ దగ్గరి యారా వ్యాలీలో చేసే పినో న్వార్ అనే రెడ్ వైన్ సీసా ఒకటి, ఫ్రీజర్‌లో ఉంచి సీసాకు తొడిగే జెల్ తొడుగు ఒకటి తీసుకెళ్లండి. జనవరి ఎండలో పెరట్లో బార్బెక్యూ దగ్గర కూర్చున్నప్పుడు ఆ తొడుగు నిజంగా పనికివస్తుంది, ఆయన దగ్గర ఇప్పటికే ఒకటి ఉన్నా రెండోది వృథా కాదు. రెండూ కలిపి నలభై ఐదు దాటవు, మీ 140లో తొంభై ఐదు మిగులుతాయి, దాన్ని ఎన్ని రోజుల వడ్డీలోకి మార్చుకుంటారో మీ ఇష్టం. పేరు చెక్కించిన వస్తువు ఏదీ కొనకండి, దుకాణం వెనక్కు తీసుకోదు. ధర కనిపించని గిఫ్ట్ రసీదు అడిగి కానుకలో పెట్టండి, అసలు రసీదును మాత్రం కొన్న రోజే ఫోటో తీసుకోండి, కారులో వదిలేస్తే ఎండకు కాగితం నల్లబడి అక్షరం కనిపించదు.